ఒక కూన ట్రేలో, ఇంకో కూన తులసి కుండీలో: సరిచేయాల్సింది ఎక్కడ?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మెట్ల కింద గోనెసంచుల మధ్య దొరికిన రెండు పిల్లికూనలను ఇంటికి తెచ్చుకుని పన్నెండు రోజులైంది. వయసు రెండు నెలలు ఉంటుందని పశువైద్యుడు చెప్పారు. నల్లది మొదటి రోజు నుంచీ ఒంటికీ రెంటికీ మీరు పెట్టిన ట్రేలోకే వెళుతోంది. చారలది మాత్రం స్నానాల గది ముందున్న గోనెపట్టా మీద ఒంటికి, బాల్కనీలోని తులసి కుండీలో రెంటికి వెళుతోంది. మీరు కొన్నది మూత ఉన్న ట్రే, అందులో లావెండర్ వాసన వేసే ఉండకట్టే లిట్టర్, అంటే తడిని పీల్చుకోవడానికి ట్రేలో పోసే సరుకు. దాన్ని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టారు. మీ ఆడపడుచు వచ్చే నెల పురిటికి వస్తున్నారు. ఆలోపు ఇది దారికి రాకపోతే రెండింటినీ చేపల బజారు దగ్గర వదిలిపెట్టాలని మీ అత్తగారు పట్టుబడుతున్నారు. తప్పు చేసినప్పుడు మూతిని ఆ తడికి రాసి కసిరినా చారలది మారడం లేదు, దానికి ఎలా నేర్పాలి అని అడిగారు.

నేను పశువైద్యురాలిని కాను. పదహారేళ్ళుగా విశాఖపట్నంలో మా ఇంట్లో వీధికూనలను సాకి, మంచి ఇళ్ళు చూసి అప్పగిస్తున్నాను. నూటికి పైగా కూనలు ఈ చేతుల మీదుగా వెళ్ళాయి. వాటిలో ట్రే అలవాటు కానివి నాకు నిజంగా రెండో మూడో గుర్తున్నాయి. ఆ రెండు మూడింటికీ ఒంట్లో జబ్బు ఉంది. మిగిలిన ప్రతిసారీ నేను పెట్టిన చోటులోనో, పోసిన లిట్టర్‌లోనో, తుడిచిన మందులోనో లోపం దొరికింది. మీరు రాసిన నాలుగు పేరాల్లోనూ అలాంటివి చాలా కనిపించాయి. కాబట్టి ముందు చారలదాన్ని కసరడం ఆపేయండి.

కుక్కపిల్లకు నేర్పినట్లు పిల్లికూనకు నేర్పాల్సిన పని లేదు. పుట్టిన మొదటి మూడు వారాలు కూన తనంతట తాను ఒంటికి కూడా వెళ్ళలేదు. తల్లి నాకితేనే వస్తుంది, వచ్చినదాన్ని తల్లే నాకి శుభ్రం చేసేస్తుంది. గూట్లో వాసన మిగిలితే ఆ వాసన పట్టుకుని కుక్కో మగపిల్లో వస్తుంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు గమనించింది కూడా ఈ జాగ్రత్తనే. నాలుగో వారం నుంచి కూన సొంతంగా వెళ్ళడం మొదలుపెడుతుంది. పొడిగా, మెత్తగా, గోటికి కదిలే నేల దొరికితే ఎవరూ చూపకపోయినా తవ్వుతుంది. మన ఇళ్ళలోని పిల్లుల పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. ఇసుక మీద మక్కువ అక్కడి నుంచే వస్తోంది.

అయితే ఆ చిన్న వయసులో పాదాలకు ఏది తగిలితే అదే అలవాటుగా స్థిరపడుతుంది. మీ కూనలు పెరిగింది గోనెసంచుల మీద. చారలదాని పాదానికి స్నానాల గది ముందు పట్టా తగలగానే అది తాను ఎరిగిన నేల అయింది. మెట్ల పక్కన మట్టి కూడా ఉండే ఉంటుంది, అందుకే తులసి కుండీ. మన కంటికి అది ఇల్లు పాడుచేస్తోంది. తాను పుట్టి పెరిగిన చోట ఎలా వెళ్ళిందో ఇక్కడా అలాగే వెళుతున్నానని అది అనుకుంటోంది. నల్లది కొత్తదానికి తొందరగా ఒప్పుకునే రకం, అంతే తేడా. ఒక కాన్పు పిల్లలే అయినా స్వభావాలు ఒకటిగా ఉండవు.

ఇప్పుడు ట్రే సంగతి. మూతను ఈ రోజే తీసేయండి. అది ఉంటే వాసన బయటికి రాదని మనకు సంతోషం, ఆ వాసనంతా లోపలే నిలిచి కూన ముక్కును ముంచెత్తుతుంది. పైగా ఒకే ద్వారం. చారలది లోపల ఉన్నప్పుడు నల్లది బయట కాపు కాసి మీదికి దూకడం ఒక్కసారి జరిగినా చాలు, ఆ పెట్టెలోకి వెళ్ళడానికి చారలది జంకుతుంది. ఇది నేను మా ఇంట్లో చాలాసార్లు చూశాను. ఆటగా దూకినదానికి గుర్తుండదు, భయపడినదానికి గుర్తుంటుంది.

ట్రే అంచు ఎత్తు మూడు అంగుళాలు మించకూడదు. రెండు నెలల కూన పొట్ట నేలకు ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి, ఆరంగుళాల గోడ దానికి పిట్టగోడ ఎక్కినట్లు ఉంటుంది. దుకాణంలో కొన్నదే ఉండాలని లేదు. వంటింట్లో పక్కన పడేసిన వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్, బేకరీ వాళ్ళు పారేసే లోతు తక్కువ ట్రే, ఏదైనా సరిపోతుంది. అంచు ఎత్తుగా ఉంటే ఒకవైపు కోసి, కోసిన చోట గరుకు కాగితంతో రాయండి, కాలికి గీసుకోకుండా ఉంటుంది. పెద్దయ్యాక మాత్రం పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండే ట్రే కావాలి. లోపల తిరగడానికి చోటు లేకపోతే ముందుకాళ్ళు ట్రేలో, వెనుకకాళ్ళు బయట పెట్టి పని కానిచ్చేస్తుంది.

ఎన్ని ట్రేలు అంటే, పిల్లులు ఎన్నో అంతకు ఒకటి ఎక్కువ. మీకు మూడు. ఇది విని చాలామంది ముఖం చిట్లిస్తారు, రెండు గదుల ఇంట్లో మూడు ట్రేలేమిటని. కానీ మీ చారలది ఒంటికి ఒక చోటు, రెంటికి ఇంకో చోటు ఎంచుకుంది, గమనించారా? చాలా పిల్లులకు ఆ రెండూ ఒకే చోట చేయడం ఇష్టం ఉండదు. మూడింటినీ పక్కపక్కనే వరుసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్క ట్రేయే, కాబట్టి వేర్వేరు మూలల్లో ఉంచండి. అలవాటు గట్టిపడ్డాక, నాలుగైదు నెలల తర్వాత, ఒకటి తగ్గించి చూడవచ్చు.

వాషింగ్ మెషీన్ పక్కనుంచి ట్రే తీసేయాలి. కూన లోపల కూర్చున్నప్పుడు ఆ యంత్రం గిర్రున తిరగడం మొదలైతే దాని గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించండి. తిండి గిన్నె, నీళ్ళ గిన్నె దగ్గర కూడా వద్దు. మనుషులు అస్తమానం తిరగని, కానీ మరీ చీకటి మూల కాని చోటు కావాలి. కూర్చున్న చోటు నుంచి గది గుమ్మం కనిపిస్తే పిల్లికి ధైర్యంగా ఉంటుంది. ఇప్పటి నుంచి పది రోజులు రెండు కూనలనూ ఒకే గదిలో ఉంచండి. ఇల్లంతా తిరగనిస్తే, ఆ వయసులో వాటికి ఆపుకునే శక్తి తక్కువ, వెళ్ళాలనిపించి ట్రే గుర్తొచ్చేసరికి సోఫా వెనక పని అయిపోతుంది. గదిలో పట్టాలు, పరుపు మీది దుప్పట్లు, నేల మీద పడేసిన బట్టలు తీసేయండి. నున్నటి గచ్చు, మూడు ట్రేలు, ఒక పడక, తిండి, ఆటవస్తువులు. అంతే ఉండాలి.

లిట్టర్ విషయంలో కొంచెం కఠినంగానే చెప్పాలి. ఉండకట్టే లిట్టర్ బెంటొనైట్ అనే బంకమట్టితో చేస్తారు. మన దేశంలో అది గుజరాత్‌లోని కచ్ వైపు, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ వైపు దండిగా దొరుకుతుంది. తడి తగిలితే ఆ మట్టి అనేక రెట్లు ఉబ్బి ముద్దకడుతుంది. శుభ్రం చేసేవాళ్ళకు ఆ గుణమే వరం. కూనలు మాత్రం ఈ వయసులో కనిపించినదల్లా నోట్లో పెట్టుకుంటాయి. మింగిన మట్టి పేగులో ఉబ్బితే ప్రాణం మీదికి వస్తుంది. నేను అప్పగించిన ఒక కూనకు కొత్త ఇంట్లో ఇలా జరిగింది. రెండు రోజులు తిండి ముట్టలేదు, పొట్ట గట్టిగా బిగుసుకుపోయింది. సమయానికి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళబట్టి బతికింది. అప్పటి నుంచి నాలుగు నెలలు నిండని కూనను ఎవరికి ఇచ్చినా ఆ లిట్టర్ వాడబోమని మాట తీసుకునే ఇస్తున్నాను.

మరి ఏం పోయాలి? కాగితం గుళికలు, పైన్ చెక్కపొట్టు గుళికలు దుకాణాల్లో దొరుకుతాయి, అవి ముద్దకట్టవు, కూన ఒకటి అరా కొరికినా భయం తక్కువ. డబ్బు పెట్టలేకపోతే ఇసుక. నేను మొదటి ఆరేళ్ళూ ఇసుకతోనే నెట్టుకొచ్చాను. జల్లెడ పట్టి, రెండు మూడు నీళ్ళు కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి వాడేదాన్ని. ఇల్లు కట్టేవాళ్ళు వీధిలో పోసుకున్న కుప్పలోది మాత్రం తేవద్దు. ఆ వీధి పిల్లులు, కుక్కలన్నీ అప్పటికే దాన్ని వాడుకుని ఉంటాయి, వాటి పురుగులూ రోగాలూ మీ ఇంటికి వస్తాయి. కోతమిల్లు నుంచి తెచ్చే సన్నటి రంపపు పొట్టు కూడా నాకు ఇష్టం లేదు, ఆ దుమ్ముకు కూనలు తుమ్ముతూనే ఉంటాయి. ఏది పోసినా ఒకటిన్నర, రెండు అంగుళాల మందం చాలు. సువాసనలు కలిపినది ఏదీ వద్దు. లావెండర్ మనకు హాయిగా ఉండవచ్చు, మనకంటే ఎన్నో రెట్లు సూక్ష్మమైన ముక్కు దానిది.

కట్టెల పొయ్యిలు ఉన్న రోజుల్లో ఈ బెడదే లేదు. పొయ్యిలో పిల్లి లేవలేదు అని నేటికీ అంటాం కదా, రాత్రంతా వెచ్చటి బూడిదలో పడుకున్న పిల్లి పొద్దున పొయ్యి రాజేసేవరకు లేచేది కాదు. పెరట్లో పోసిన బూడిద కుప్పే దానికి మరుగుదొడ్డి. అమెరికాలోనూ అప్పట్లో బూడిద, ఇసుకే. 1947లో మిషిగన్ రాష్ట్రంలో ఒకావిడ ఇసుక చలికి గడ్డకట్టి, బూడిద వాడితే పిల్లి ఇల్లంతా నల్లటి అడుగులు వేస్తోందని పొరుగున ఉన్న ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒలికిన నూనెనూ తడినీ పీల్చుకునే సరుకులు అమ్మేవాడు. మన ముల్తానీ మట్టి జాతికి చెందిన మట్టి గుళికలు ఇచ్చాడు. ఇప్పుడు మనం కొంటున్న సంచులన్నిటికీ మొదలు అదే. బూడిదకూ పెరటికీ దూరమైపోయిన పిల్లికి మనం ఒక బేసిన్‌లో ఆ పెరటినే తిరిగి ఇస్తున్నాం. ట్రేను చూస్తే నాకు ఎప్పుడూ ఈ మాటే గుర్తొస్తుంది.

ఇప్పుడు చారలదాన్ని పట్టా నుంచి ట్రేకి తీసుకురావడం. దీనికి నేను చేసే పద్ధతి ఇది. అది ఒంటికి వెళ్ళిన పట్టానే, లేదా అలాంటి గోనె ముక్కను, ఒక ట్రే అడుగున సరిపడా కోసి పరవండి. ఉతికేయకండి, దాని వాసన కొంచెం ఉండాలి. మొదటి రెండు రోజులు ఆ ట్రేలో గోనె ఒక్కటే. అది అక్కడికి వెళ్ళడం మొదలైతే మూడో రోజు దాని మీద గుప్పెడు లిట్టర్ చల్లండి. రోజూ ఒక గుప్పెడు పెంచుతూ పోండి. గోనె లిట్టర్ కింద కనపడకుండా పోయాక దాన్ని సగానికి కత్తిరించండి, ఆ తర్వాత చిన్న ముక్క, చివరికి ఏమీ లేకుండా. ఎనిమిది పది రోజులు పడుతుంది. తడిసిన గోనెను రోజూ మార్చాలి, కానీ కొత్త ముక్కకు పాతదాన్ని ఒకసారి తాకించండి. మధ్యలో ఎప్పుడైనా అది ట్రే మానేసి నేల మీదికి వెళితే మీరు తొందరపడ్డారని అర్థం, రెండు రోజులు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి.

తులసి కుండీకీ ఇదే మార్గం. రెండో ట్రేలో కుండీల్లో పోసే శుభ్రమైన మట్టినే పోసి, క్రమంగా లిట్టర్ కలపండి. అసలు కుండీని మాత్రం ఈ రోజే దూకలేని ఎత్తులో పెట్టండి, లేదా మట్టి కనపడకుండా పిడికిలంత గులకరాళ్ళు పరచండి. పై మట్టి నాలుగు అంగుళాలు తీసి పారేసి కొత్తది పోయాలి, ఎందుకో కింద చెబుతాను. ఆ కొన్నాళ్ళు తీర్థానికి ఆ ఆకులు కోయకండి.

ఎప్పుడు ట్రేలో దించాలి అంటే, నిద్ర లేచిన వెంటనే, తిన్న పది పదిహేను నిమిషాలకు, బాగా గంతులేసి ఆడిన తర్వాత. ఇవి మూడూ దాదాపు తప్పవు. తిండిని రోజుకు నాలుగు పూటలు ఒకే వేళకు పెడితే అవి వెళ్ళే వేళలు కూడా మీకు తెలిసిపోతాయి. నేలను వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినా, మూలలో గోకినా, మెల్లగా ఎత్తి ట్రేలో దించి రెండడుగులు వెనక్కి రండి. దాని కాళ్ళు పట్టుకుని లిట్టర్‌ను గోకించే వాళ్ళు ఉన్నారు, అది వద్దు. కాళ్ళు పట్టుకుంటే పిల్లికి బెదురు. కావాలంటే మీరే ఒక వేలితో లిట్టర్‌ను చిన్నగా కదపండి, ఆ చప్పుడు చాలు. పని కాగానే మెడ కింద నిమిరి ఒక చిన్న మెతుకు పెట్టండి.

మూతిని తడికి రాయడం గురించి మనసులో మాట చెప్పాలి. అది మీ తప్పు కాదు, తరతరాలుగా అందరూ చేస్తున్నదే. కానీ కూనకు అర్థమయ్యేది వేరు. ఆ పని చేసి అరగంట అయింది, ఇప్పుడు ఈ చేతులు నన్ను పట్టుకుని బాధపెడుతున్నాయి, అంటే ఈ మనిషి ఉన్నప్పుడు వెళ్ళకూడదు. అంతే నేర్చుకుంటుంది. తర్వాత మీరు కనిపిస్తే ట్రేలోకి కూడా వెళ్ళదు, మంచం కింద దాక్కుని వెళుతుంది. కళ్ళెదుటే పట్టా మీద కూర్చున్నా అరవకండి, ఎత్తి ట్రేలో దించండి. చూడనప్పుడు జరిగితే మౌనంగా శుభ్రం చేయండి. కారం చల్లడం, కర్పూరం బిళ్ళలు పెట్టడం, నాఫ్తలీన్ ఉండలు మూలల్లో వేయడం లాంటి సలహాలు మీకు తప్పకుండా వస్తాయి. కారం కళ్ళను, పాదాలను మండిస్తుంది, కర్పూరమూ నాఫ్తలీనూ పిల్లికి విషం. వేటినీ దరి చేరనివ్వకండి.

మీరు పట్టాను, నేలను దేనితో శుభ్రం చేస్తున్నారో రాయలేదు. మన ఇళ్ళలో చాలావరకు ఫినాయిలే. నేను మొదలుపెట్టిన ఏడాది అదే వాడాను. ఒక కూనకు నోటి నుంచి చొంగ కారడం మొదలై, నాలుక మీద పుండ్లు లేచి, మూడు రోజులు ఏమీ తినలేకపోయింది. తడి గచ్చు మీద నడిచి, ఆ పాదాలు నాక్కుంది, కారణం అంతే. నల్ల ఫినాయిల్‌లో ఉండే రసాయనాలను విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. క్లోరోజైలినాల్ ఉన్న క్రిమినాశనులు, బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న నేల ద్రావణాలు కూడా అంతే ప్రమాదం. అమ్మోనియా కలిసినవి ఇంకో రకంగా చెడ్డవి. మూత్రం పాతబడితే వచ్చే వాసన అమ్మోనియాదే కాబట్టి తుడిచిన చోటికే కూన మళ్ళీ వెళుతుంది. బ్లీచింగ్ ద్రావణం మూత్రంతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది.

సరైన పద్ధతి ఇది. తడిని ముందు పాత బట్టతో అద్ది తీయండి, రుద్దకండి. మామూలు నీళ్ళతో రెండుసార్లు కడగండి. తర్వాత పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ ద్రావణం పోసి, సీసా మీద రాసినంత సేపు ఉంచి, దానంతట అదే ఆరనివ్వండి. పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం గడ్డకట్టి సందుల్లో మిగిలిపోతుంది, ఉత్త నీళ్ళకు, సబ్బుకు అది పూర్తిగా పోదు. ఎంజైమ్ దాన్ని విరగగొడుతుంది. ఎండాకాలంలో పోయిందనుకున్న వాసన వానాకాలం ముసురు పట్టగానే మళ్ళీ లేవడానికి కారణం ఆ మిగులే. ఎంజైమ్ దొరకకపోతే వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి వాడవచ్చు, అయితే సెరామిక్ పలకల మీద మాత్రమే. తాండూరు, కడప, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాయి జాతివి, పాలరాయీ అంతే. వెనిగర్ పడితే వాటి మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే, దొంగనోట్లు గుర్తించే అతినీలలోహిత టార్చి ఒకటి తెచ్చి రాత్రి దీపాలన్నీ ఆర్పి వేసి చూడండి, పాత మరకలు పసుపుపచ్చగా మెరుస్తాయి. మొదటిసారి చూసిన రాత్రి నేను లెక్కపెట్టిన చోట్లు పదకొండు, అప్పటికి నాకు తెలిసినవి మూడే.

ట్రే శుభ్రం రోజుకు రెండు పూటలా జరగాలి. బూందీ తీసే చిల్లుల గరిటె లాంటిదే ఒక గరిటె ఉంటుంది, దాన్ని ఈ పనికే వేరుగా పెట్టుకోండి. వారానికోసారి మొత్తం పారబోసి, వాసన లేని మామూలు సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టండి. తీసినదాన్ని కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వండి. మరుగుదొడ్డిలో పోస్తే గొట్టాలు మూసుకుపోతాయి, కూరగాయల ఎరువులో కలపనే కూడదు. ట్రే అడుగున గీతలు బాగా పడితే ఆ గీతల్లో వాసన నిలుస్తుంది, కొత్తది తెచ్చుకోవాల్సిందే.

తిండి. పాలు, పాలన్నం పెడుతున్నానని మీరు ప్రేమగా రాశారు. పిల్లి అంటే పాలు అన్న మాట మన మనసుల్లో అంతగా నాటుకుపోయింది. కానీ తల్లిపాలు మానేసే వయసు నుంచి ఆవుపాలు, గేదెపాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకునే శక్తి చాలా కూనలకు తగ్గిపోతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనం పట్టిన కూన ట్రేదాకా పరుగెత్తలేదు, పరుగెత్తలేక దారిలో పోతే దాన్ని మనం తిడతాం. ఈ రోజు నుంచి పాలు పూర్తిగా ఆపండి. కూనల కోసం తయారుచేసిన తిండి పెట్టండి. అది ఖరీదు అనిపిస్తే కొంతలో కొంత ఉడికించిన కోడిమాంసం, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా, దానికి తోడుగా కలపండి. పూర్తిగా దాని మీదే పెంచకూడదు, ఎముకలకు కావలసినంత కాల్షియం అందులో ఉండదు. గిన్నెలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

ఇన్ని మార్చినా రెండు వారాల్లో తేడా కనపడకపోతే, లేదా రెంటికి వెళ్ళినది పలచగా, రక్తంతో, అన్నం మెతుకుల్లాంటివి కదులుతూ కనిపిస్తే, మల పరీక్ష చేయించండి. వీధికూనల్లో ఏలికపాములు లేనివి అరుదు. పురుగుల మందు ఒక్కసారి వేస్తే చాలదు, ఎన్ని రోజులకు మళ్ళీ వేయాలో వైద్యుడు బరువు చూసి చెబుతారు. మీరు టీకాలకు ఎలాగూ వెళ్ళాలి కదా, అప్పుడే అడగండి. ఇంకొక్కటి ఎప్పటికీ గుర్తుంచుకోండి. ట్రేలో మళ్ళీ మళ్ళీ కూర్చుని, ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాకపోతే అది మలబద్ధకమని ఇంట్లో ఆముదం పోస్తూ కూర్చోవద్దు. మగపిల్లిలో మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా బయలుదేరండి. చారలది మగదైతే అయిదారు నెలలకు ఆపరేషన్ చేయించడం కూడా ముందే అనుకోండి. ఆ వయసు దాటితే తోక నిటారుగా వణికిస్తూ గోడల మీద చిమ్మే అలవాటు వస్తుంది, అది ట్రే అలవాటుతో సంబంధం లేని వేరే సంగతి.

ఇక మీ అత్తగారి భయం. దాన్ని కొట్టిపారేయకండి, అందులో నిజం ఉంది. పిల్లి మలంలో టోక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. గర్భిణికి మొదటిసారి అది సోకితే కడుపులోని బిడ్డకు చేటు. కానీ అది ఎలా సోకుతుందో తెలిస్తే భయం ఒక జాగ్రత్తగా మారుతుంది. సాధారణంగా పిల్లి జీవితంలో ఒకసారి, మొదట తనకు సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలు దాన్ని విడుస్తుంది. ఎలుకలు, పచ్చిమాంసం తినే పిల్లులకు, అందులోనూ కూనలకు అవకాశం ఎక్కువ. మలంలో వచ్చిన వెంటనే అది అంటుకోదు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజుకు రెండు పూటలా ట్రే ఎత్తమని నేను అంతగా చెప్పింది అందుకే. మట్టిలో అయితే నెలల తరబడి బతుకుతుంది, తులసి కుండీ పై మట్టి తీసేయమన్నది అందుకే. ఆ పని మీరు రబ్బరు తొడుగులు వేసుకుని చేయండి.

మీ ఆడపడుచు ఉన్నన్నాళ్ళూ ట్రే పని మీరో మీ వారో చేయాలి, ఆవిడ దాని దగ్గరికి, కుండీల మట్టి దగ్గరికి వెళ్ళకూడదు. కూనలకు పచ్చిమాంసం పెట్టకూడదు, బయట తిరగనివ్వకూడదు. అసలు సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల వల్ల కూడా ఇది సోకుతుంది, కాబట్టి వంటింట్లోనూ జాగ్రత్త అవసరమే. ఆవిడను చూసే వైద్యురాలికి ఇంట్లో కూనలు ఉన్నాయని ముందే చెప్పి, రక్తపరీక్ష అవసరమా అని అడగండి. ఇవన్నీ మీ అత్తగారి ముందు కూర్చుని, పేరు పేరునా చెప్పండి. నేను కూనలను ఇచ్చిన ఇళ్ళలో ఇద్దరు అత్తగార్లు మొదట వద్దన్నవాళ్ళే. పిల్ల గురించి మనం ఆలోచించామని తెలిశాక వాళ్ళ గొంతు మారింది.

చేపల బజారు మాట మాత్రం ఒప్పుకోకండి, అమ్మా. రెండు నెలల కూనలు అక్కడి కుక్కల మధ్య రెండు రాత్రులు కూడా బతకవు. ఆఖరికి వీలుకాకపోతే వేరే ఇల్లు వెతకడానికి వ్యవధి కావాలి. ట్రేకి అలవాటు పడిన కూనకు ఇల్లు దొరకడం తేలిక, ఆ విధంగా చూసినా ఈ మూడు వారాల శ్రమ వృథా పోదు.

ఈ రాత్రికి మూడు పనులు చాలు. మూత తీయండి, ట్రేను మెషీన్ దగ్గరనుంచి మీరు ఎంచుకున్న గదిలోకి మార్చండి, ఆ పట్టాను కోసి ఇంకో ట్రేలో పరవండి. పాత లిట్టర్‌లోంచి నల్లది వాడిన చారెడు మాత్రం చోటు మార్చిన ట్రేలో ఒక మూల ఉంచి మిగతాది పారబోయండి, దానికి తన చోటు మారినట్లు అనిపించకుండా. రేపు ఉదయం కాగితం గుళికలు తెచ్చుకుని ఆ చారెడునూ తీసేయండి. చారలది గోనె ట్రేలోకి వెళ్ళిన మొదటి రోజు ఏదో, ఆ ముందు ఏం తిన్నదో, వేళ ఎంతో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వారం తర్వాత కూడా పట్టా వైపే చూస్తుంటే ఆ కాగితంలోని వేళలు నాకు పంపండి, ఎక్కడ తప్పుతోందో కలిసి చూద్దాం.